మంగయ్య మడత

ప్రభుత్వానికి ఎంత అధికారం ఉండాలన్న విషయం మీద ఇప్పలపాడులో మంగయ్య, చెంచురామయ్య పద్దెనిమిదేళ్లుగా కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాట వల్ల ప్రభుత్వానికి ఇంతవరకూ వీసమెత్తు నష్టం జరగలేదు, లాభమూ రాలేదు. బాగుపడ్డది కమ్లి టీకొట్టు ఒక్కటే.

సత్తుపల్లి దాటాక, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. మంగయ్య బొగ్గు బావిలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైనవాడు, ఎర్రజెండా యూనియన్ మనిషి. ఆయన దృష్టిలో బావి సర్కారుదే కావాలి, భూమి సర్కారుదే కావాలి. బడి, దవాఖానా, బస్సు సరేసరి. ఇంకాస్త వదిలేస్తే కమ్లి కొట్టులో పాలు కూడా సర్కారే పొయ్యాలంటాడు. చెంచురామయ్య ముప్పై ఏళ్ల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి పామాయిల్ తోట వేసినవాడు. తన గట్టు మీద తాను నాటుకున్న టేకు చెట్టును తాను కొట్టుకోవడానికి పదమూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడట. అప్పటినుంచి సర్కారు పేరెత్తితే ఆయనకు ఒళ్లు మంట.

"సర్కారంటే వాచ్‌మన్ అయ్యా మంగయ్యా! గేటు దగ్గర కూర్చోవాలి. వంటింట్లోకొచ్చి కూరలో ఉప్పు చూస్తానంటే ఎట్లా?" అనేవాడు చెంచురామయ్య.

"గేటు ఉన్నోనికి వాచ్‌మన్. గేటే లేనోనికి ఆ వాచ్‌మన్ ఏం జేస్తడు? నీ తోటల డ్రిప్పు పైపులు మీ తాత ఇచ్చిండా, సర్కారిచ్చిందా?" అనేవాడు మంగయ్య.

ఇద్దరి మధ్య బెంచీ మీద కూర్చునే లాల్‌సింగ్ తండా పెద్ద. అడవి పక్కన ఐదెకరాల పోడు చేసుకుంటాడు. ఆయన బతుకులో సర్కారు ఒకసారి మొక్కలు పీకడానికి వచ్చింది, ఇంకోసారి పట్టా కాగితం ఇవ్వడానికి వచ్చింది. అందుకని ఎవరి పక్షమూ పట్టేవాడు కాదు. "సర్కారు వాన అసొంటిది మంగన్నా. రాకుంటే ఎండి చస్తం, ఎక్కువొస్తే కొట్టుకపోతం," అని టీ ఊదుకుంటూ తాగేవాడు.

ఇట్లా సాగిపోతున్న కొట్లాటలోకి పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. మంగయ్య ఒక్కగానొక్క బిడ్డ శ్రీదేవి నామినేషన్ వేసింది.

శ్రీదేవి పక్క వీధిలోనే ఉంటుంది. భర్త వాసు లారీ డ్రైవరు, ఆమె మిషను కుడుతుంది. చిన్నప్పుడు తండ్రి భుజమెక్కి యూనియన్ మీటింగులకు పోయిన పిల్ల. ఒకసారి కంపెనీ పైవాళ్లు పదకొండు పేజీల ఒప్పందం తెచ్చి సంతకం పెట్టమంటే, మంగయ్య వానలో నిలబడి ఆ పదకొండు పేజీలూ కార్మికుల ముందు గట్టిగా చదివి వినిపించాడు. రెండు గంటలు పట్టింది. పిల్ల ఆయన తల మీద గొడుగు పట్టుకుని నిలబడింది. ఆ కథ మంగయ్య ఊరికి వందసార్లు చెప్పి ఉంటాడు. నూట ఒకటోసారి మొదలుపెడితే భార్య ఉప్పలమ్మ లేచి వంటింట్లోకి పోయేది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి, మంగయ్య మడత. యూనియన్ ఎన్నికల్లో ముద్ర సిరా ఆరకముందే కాగితం మడిస్తే ఆ మరక ఇంకో గుర్తు మీద అంటుకుని ఓటు చెల్లకుండా పోయేది. అందుకని నిలువుగా రెండు మడతలు, అడ్డంగా ఒకటి వేయడం ఆయన కార్మికులందరికీ నేర్పాడు. తన మటుకు తాను చివర ఒక మూలను లోపలికి తిప్పి దోపేవాడు. అది ఎవరికీ నేర్పలేదు, అదొక సోకు. ఇంట్లో దవాఖానా చీటీ అయినా, రేషన్ కార్డు జిరాక్సు అయినా అదే మడత, అదే మూల.

బిడ్డ నామినేషన్ వేసిన రోజే మంగయ్య ఇరవై ఒక్క డిమాండ్లతో ప్రణాళిక రాసి, ఆ మడత పెట్టి చేతికిచ్చాడు. అందులో డిగ్రీ కాలేజీ ఉంది, ముప్పై పడకల దవాఖానా ఉంది, మిగులు భూముల పంపకం ఉంది.

శ్రీదేవి చదివి నవ్వింది. "నాయినా, సర్పంచుకు గంత అధికారం యాడున్నది?"

"లేకుంటే కొట్లాడి తెచ్చుకోవాలె."

"తెస్త. ముందుగాల మురుగు మోరీలు తీపిస్త."

ఆ నవ్వుకు మంగయ్య నొచ్చుకోలేదు. బిడ్డే కదా. ఆ కాగితాన్ని ఆమె మిషను సొరుగులో పెట్టి, మరునాడు పొద్దున చెంచురామయ్య తోటకు పోయిందని తెలిసినప్పుడు మాత్రం గుండెలో ముల్లు దిగింది. తర్వాత రోజూ పోయింది. తోటలో గెలలు కోసేవాళ్లు ముప్పై నలభై ఇళ్లవాళ్లు, వాళ్లతో మాట్లాడాలంటే అక్కడికే పోవాలి. సంగతి మంగయ్యకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా?

నాలుగో రోజు బిడ్డ ఇంటికి పోతే గడపలోనే ఆగిపోయాడు. చెంచురామయ్య కుర్చీలో కూర్చుని, కాగితం మీద ఏదో రాస్తూ, స్టీలు గ్లాసులో టీ తాగుతున్నాడు. ఆ గ్లాసు మీద 'మంగయ్య' అని చెక్కి ఉంది. బిడ్డ పెళ్లికి ఆయనే పేరు వేయించి ఇచ్చిన గ్లాసు. ఆ ఇంటికి పోతే ఆయనకు అందులోనే టీ ఇస్తారు.

"ఇంకొంచెం పొయ్యనా పెద్దనాయినా?" అని అడుగుతోంది శ్రీదేవి.

పెద్దనాయిన! వరస ఎప్పుడు కలిసిందో మంగయ్యకు తెలియదు. ఉన్న నాయిన సరిపోక ఇంకొక పెద్ద నాయిన కావలసి వచ్చాడన్నమాట. వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి తిరిగాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికొచ్చి ఉప్పలమ్మ మీద పడ్డాడు. "నీ బిడ్డ ఆ తోటాయన చెప్పినట్టు ఆడుతున్నది. సర్కారే వద్దనేటోడు సర్పంచి ఎలక్షన్ చేయిస్తుండంట! దొంగకు తాళం చెవి ఇచ్చినట్టున్నది."

"అది ఎవలు చెప్పినట్టూ ఆడదు. నువ్వు చెప్పినట్టే ఆడలేదు," అంది ఉప్పలమ్మ. "కడుపుమంటకు మజ్జిగున్నది, తాగుతవా?"

తాగలేదు. కరపత్రం అచ్చయి వచ్చింది. శ్రీదేవి స్వయంగా తెచ్చి ఇచ్చి, "చివరిదాకా చదువు నాయినా," అని చెప్పి పోయింది. మంగయ్య మొదటి మూడు వరుసలు చదివాడు. 'పంచాయతీ ఇరవై పనులు చేస్తానంటే ఒక్కటీ చేయదు. మేము మూడే చేస్తాం. నీళ్లు, దీపాలు, మోరీలు. మీ గడప లోపలి సంగతుల్లో తల దూర్చం.' ప్రతి అక్షరంలోనూ ఆయనకు చెంచురామయ్య గొంతే వినిపించింది. ఇరవై పనులట! తన ఇరవై ఒక్కటీ చూసి ఎగతాళి చేసినట్టే ఉంది. కాగితాన్ని తన పద్ధతిలో మడిచి, మూల తిప్పి, దూలం సందులో దోపేశాడు. మళ్లీ తీయలేదు.

పోటీలో ఉన్నది నాగలత, రోడ్ల కాంట్రాక్టరు భార్య. ఆమెది వేరే సిద్ధాంతం. అధికారం పైన ఉంటుంది, మనం పైవాళ్లకు దండం పెడితే కిందికి నిధులు జారతాయి, అంతే. మంగయ్యకు నాగలత మీద కోపం రావాలి. న్యాయంగా అయితే అదే రావాలి. రాలేదు. కోపానికి కూడా తీరిక ఉండాలి కదా, ఆయనకున్న తీరికంతా చెంచురామయ్య తీసేసుకున్నాడు. వీధిలో బిడ్డ వెనక చెంచురామయ్య నడుస్తుంటే కిటికీలోంచి చూశాడు. తండాలో ఆయన ఏదో అంటే బిడ్డ పగలబడి నవ్విందని విని, ఆ మాట ఏమై ఉంటుందా అని అన్నం ముందు కూర్చుని ఆలోచించాడు.

పోలింగుకు రెండు రోజుల ముందు శ్రీదేవి వచ్చి అడిగింది. "తండకు నువ్వొస్తే బాగుంటది నాయినా. ముద్ర ఎట్ల వెయ్యాల్నో, కాగితం ఎట్ల మడవాల్నో నీ లెక్క ఎవలూ చెప్పలేరు."

ఆ ఒక్క మాట కోసమే కదా పది రోజులుగా గుమ్మంలో కూర్చున్నాడు! అయినా నోరు వినలేదు. "మీ పెద్దనాయిన ఉన్నడుగా, తోలుకపో."

శ్రీదేవి ఆయన ముఖంలోకి చూసింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

చెంచురామయ్య గురించి ఊరందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లయినా ఆయన ఒక్క ఓటు కూడా వేయలేదు. "నా మీద పెత్తనం చెయ్యమని నేనే క్యూలో నిలబడి రాసివ్వాలా?" అనేవాడు. మంగయ్య లెక్క దానికి తలకిందులు. ఏ ఎన్నికైనా పొద్దున ఏడు కొట్టేసరికి బడి ముందు ఆయనే మొదటివాడు.

ఆ రోజు కూడా చలిలో మఫ్లరు చుట్టుకుని పోయాడు. పోయేసరికి వరుసలో ఒకడు ముందే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని, కొత్త పెళ్లికొడుకులాగా నిలబడ్డాడు చెంచురామయ్య.

"రావయ్యా మంగయ్యా! నవ్వకు. అమ్మాయి కోసం నా ఒట్టు గట్టున పెట్టాను. ఆ ముద్ర ఎట్లా వెయ్యాలో కాస్త చెప్పు, నాకు అలవాటు లేదు."

"నీకు రాంది ఏమున్నది," అన్నాడు మంగయ్య. ఆ మాట తనకే చేదుగా ఉంది. నలభై ఏళ్లుగా మొదటి ఓటు తనది. ఈరోజు అది కూడా పోయింది.

లోపల వేలికి సిరా పెట్టి రెండు కాగితాలిచ్చారు. తెల్లది వార్డు మెంబరుది, గులాబీది సర్పంచిది. తెల్లదాని మీద చకచకా ముద్ర వేశాడు. గులాబీ కాగితం మీద రెండే పేర్లు. నాగలత, ఉంగరం. శ్రీదేవి, కత్తెర. ముద్ర ఎత్తి కత్తెర దాకా తెచ్చాడు.

అక్కడ ఆగింది చెయ్యి. ఈ ఓటు పోయి పెట్టెలో చెంచురామయ్య ఓటు మీద పడుతుంది. రేపు బిడ్డ గెలిస్తే ఊరు ఏమంటుంది? ముప్పై ఏళ్లు ఓటెయ్యని మనిషి ఓటేసి గెలిపించాడంటుంది. మంగయ్య వేసిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? తండ్రి ఓటు ఎట్లాగూ పడేదే కదా, పడేదానికి విలువేముంది? రెండొందల మెజారిటీ ఖాయమని అందరూ అంటున్నారు, తన ఒక్కటి తగ్గితే కొంపేం మునగదు. ఉంగరం మీద వేద్దామన్న ఆలోచన కూడా ఒక్క క్షణం వచ్చింది. దానికి మాత్రం చెయ్యి రాలేదు.

ముద్ర కింద పెట్టేశాడు. ఖాళీ కాగితాన్ని నిలువుగా రెండు, అడ్డంగా ఒకటి మడిచాడు. అలవాటైన వేళ్లు మూలను లోపలికి తిప్పాయి. పెట్టెలో వేసి బయటికొచ్చాడు. కడుపులో ఒక రకమైన చల్లదనం, కసి తీరినట్టు. అది సిగ్గుచేటైన సంతోషమే గాని సంతోషమే.

పదకొండింటికి కమ్లి కొట్టు దగ్గర లాల్‌సింగ్ కనిపించాడు. జేబులోంచి నలిగిన కరపత్రం తీశాడు. "మంగన్నా, ఓటైతే ఏసిన. మా పోరగాళ్లు సదివిండ్రు గని సగం సగం మింగిండ్రు. నీ గొంతుతోని ఒకసారి ఇనాలె."

కాదనలేక కళ్లజోడు పెట్టుకున్నాడు మంగయ్య. మొదటి మూడు వరుసలూ ఎకసెక్కంగా చదివాడు. తర్వాతిది తండా భూముల సంగతి. ఆ కాగితాలు తండాలోనే కూర్చుని రాయిస్తాం, మిమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పం అని ఉంది. ఫరవాలేదే అనుకున్నాడు. చివరి వరుసకు వచ్చాడు.

'ఊరందరి ముందు గట్టిగా చదివి వినిపించనిదే సర్పంచిగా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. అధికారం పెద్దదైనా చిన్నదైనా, దానికి కళ్లెం ఇదే. ఈ మాట నేను మా నాయిన మంగయ్య దగ్గర, వానలో గొడుగు పట్టుకుని నేర్చుకున్నాను.'

మంగయ్య కళ్లజోడు తీసి మఫ్లరు అంచుతో తుడుచుకున్నాడు.

"ఏందన్నా, ఆగినవ్?" అన్నాడు లాల్‌సింగ్.

"కళ్లజోడు మసకేసింది," అన్నాడు మంగయ్య. రెండు వేల కరపత్రాలు. ఊరంతా చదివింది. కమ్లి చదివింది, నాగలత చదివింది, చదువురాని తండా కూడా చదివించుకుని విన్నది. చదవనివాడు ఊళ్లో ఒక్కడే. పోలింగు ఒంటిగంట దాకా ఉంది, ఇంకా రెండు గంటల టైముంది. వేలి మీద సిరా మాత్రం అప్పటికే నల్లబడింది.

రెండింటికి బడి తలుపులు మూసి లెక్కింపు మొదలుపెట్టారు. అభ్యర్థులు, ఏజెంట్లు లోపల, ఊరంతా బయట. మంగయ్య కూర్చోలేదు, నిలబడలేదు. కమ్యూనిస్టు కాకపోయి ఉంటే దేవుడికి మొక్కుకునేవాడు. "పది ముందున్నదంట", "ఆరు వెనకబడ్డదంట" అని కిటికీ దగ్గరినుంచి మాటలొస్తుంటే ఆయన లోపల ఒక్కటే వినిపిస్తోంది, ఒకటి తక్కువ, ఒకటి తక్కువ అని. రెండొందల మెజారిటీ అన్నవాళ్లు ఎటు పోయారో కనిపించలేదు.

నాలుగింటికి మైకులో చెప్పారు. కత్తెర నాలుగొందల పన్నెండు. ఉంగరం నాలుగొందల పదకొండు. చెల్లనివి తొమ్మిది. నాగలత మనుషులు మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ లెక్కపెట్టినా అంతే వచ్చింది. ఒక్క ఓటుతో శ్రీదేవి గెలిచింది.

డప్పులు మోగాయి. ఉప్పలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మంగయ్య బడి అరుగు మీద కూలబడ్డాడు. లాల్‌సింగ్ బంతిపూల దండతో ఉరికి వచ్చాడు. "ఒక్క ఓటు! ఎవలిది? మా మంగన్నది! ఎప్పటి లెక్కనే పొద్దుగాల అందరికన్నా ముందు పోయి ఏసిండు!" అని దండ మెడలో వేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

మంగయ్య ఆ దండను ఒక్క క్షణం కూడా మోయలేకపోయాడు. లేచాడు. దండ తీసి, జనాన్ని తోసుకుంటూ పోయి, ఒక పక్కన నిలబడ్డ చెంచురామయ్య మెడలో వేశాడు.

"ఆ ఓటు నీది. నాది గాదు," అన్నాడు.

"అదేం మాటయ్యా! అందరివీ ఒకటే," అన్నాడు చెంచురామయ్య, పాపం, కళ్లలో నీళ్లు తిరిగి.

చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. ఎంత పెద్ద మనసు మంగన్నది, పద్దెనిమిదేళ్ల పగ ఒక్క దండతో తుడిచేశాడు అన్నారు జనం. నిజం చెప్పబోతే అది కూడా గొప్పతనమై కూర్చుంది. ఇంకొకసారి నోరు తెరవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

శ్రీదేవి బయటికొచ్చింది. ముఖం మీద గులాలు, చేతిలో గెలిచినట్టు ఇచ్చిన కాగితం. తండ్రి దగ్గరికొచ్చి కాళ్లకు మొక్కింది. లేచి, డప్పుల చప్పుడులో ఆయనకు మాత్రమే వినిపించేలా అంది.

"చెల్లని ఓట్లు ఒక్కొక్కటి మాకు ఎత్తి చూపించిండ్రు నాయినా. ఎనిమిదిట్ల ముద్ర గీత మీద పడ్డది. ఒకటి ఖాళీ. నిలువుగ రెండు మడతలు, అడ్డంగ ఒకటి, మూల లోపలికి తిప్పి ఉన్నది. చెల్లదు కదమ్మా అని ఆఫీసర్ సారు నన్ను అడిగిండు."

మంగయ్య సిరా వేలును మఫ్లరు కొసలో దాచుకున్నాడు.

"అవ్ సార్, చెల్లదు అన్న."

శ్రీదేవి ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"కరపత్రం చివరిదాకా చదివినవా?"

"చదివిన బిడ్డా."

"ఎప్పుడు?"

నలభై ఏళ్లు మైకు ముందు తడబడని నాలుక. అబద్ధమాడొచ్చు. దూలం సందులో మడత పెట్టి ఉన్న కాగితం వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

"పదకొండింటికి," అన్నాడు.

ఏడింటికి ఓటు, పదకొండింటికి చదువు. శ్రీదేవి తలూపింది. ఆయన మఫ్లరు మీద అంటుకున్న బంతిపూల రేకలు ఒకటి రెండు తీసి కింద పడేసింది.

"సోమవారం ప్రమాణం. మొదటి కాగితం ఊరి ముందట నువ్వే చదవాలె. ఈసారి చివరిదాకా చదవకముందే మడవకు," అంది.

తర్వాత జనంలోకి తిరిగి, "పెద్దనాయినా, దా, ఊరేగింపు కదుల్తున్నది," అని చెంచురామయ్యను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆయన మెడలో దండ ఊగుతోంది. ఇంత జరిగినా మంగయ్యకు మళ్లీ లోపల భగ్గుమంది. ఈసారి ఆ మంటను ఎవరి మీదా పెట్టలేక, అరుగు మీద ఒక్కడే కూర్చుని, సిరా వేలును చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.